ఏడో నంబరు వాచీ

ఆ ఏడాది మిర్చి సీజన్ మొదట్లో మా ఇంట్లో పదిరోజులపాటు ఒకటే గొడవ జరిగింది. అమ్మ వాచీ ఇప్పుడే కొనాలా, కొన్నాళ్ళు ఆగాలా అని.

మామూలు వాచీ అయితే గొడవే లేదు. అది స్మార్ట్‌వాచీ. వేసిన అడుగులు లెక్కపెడుతుంది, గుండె ఎలా కొట్టుకుంటోందో చూపిస్తుంది, ఎంతసేపు నిద్రపోయామో కూడా చెబుతుంది. మా అమ్మ రెబ్కా అప్పటిదాకా చేతికి మట్టిగాజులు తప్ప మరొకటి వేసుకుని ఎరగదు. తెల్లారి ఎన్నింటికి లేవాలో ఆమెకి ఏ గడియారమూ చెప్పనక్కర్లేదు.

అమ్మ ముఠా మేస్త్రి. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే రోడ్డు పక్కన ఒక మిర్చి ఎగుమతి కంపెనీ ఉంది. దాని షెడ్డులో ఎండుమిరపకాయల తొడిమలు తీయడానికి, రంగు పోయిన తాలు కాయలు ఏరడానికి మా ఊరినుంచి ముప్పై మంది ఆడవాళ్ళని తీసుకెళ్ళేది. తనతో కలిపి ముప్పై ఒక్కరు. జనవరి చివర మొదలైతే మే నెల దాకా పని. ఆ నాలుగు నెలల కూలే మా పేటలో సగం ఇళ్ళకి ఏడాది ఆధారం. నాన్న ఫిలిప్ మిర్చి యార్డులో హమాలీ. నేను హెలెన్‌ని, బీకాం పాసై ఏడాదిగా ఉద్యోగం కోసం చూస్తున్నాను.

కంపెనీకి కొత్త మేనేజరు వచ్చాడు. శశిభూషణ్ అని, ముప్పై అయిదేళ్ళవాడు, నెమ్మదిగా మాట్లాడతాడు. వచ్చిన పదోరోజున షెడ్డులో అందర్నీ కూర్చోబెట్టి ఒక నల్ల వాచీ పైకెత్తి చూపించాడట. "ఇది మీ ఆరోగ్యం కోసమమ్మా. మన కాయ కొనే విదేశాలవాళ్ళు, పనిచేసేవాళ్ళని బాగా చూసుకుంటున్నారా అని అడుగుతున్నారు. అందరూ తలా ఒకటి తీసుకోవాలి. ఫిబ్రవరి నెలాఖరులోపు తీసుకుంటే పద్దెనిమిది వందలు. ఆ తర్వాతయితే రెండు వేల ఆరు వందలు. బలవంతం ఏం లేదు. కాకపోతే పని తక్కువున్న రోజుల్లో వాచీ ఉన్నవాళ్ళనే ముందు పిలుస్తాం" అన్నాడట.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర అమ్మ ఈ సంగతి చెప్పగానే నాన్న కంచంలోంచి తలెత్తాడు.

"యార్డులో నేను ఇరవై ఏళ్ళ నుంచి బస్తాలు మోస్తున్నా. కాటా నువ్వే కొనుక్కు తెచ్చుకో అని ఏ కమీషన్ కొట్టు వాడూ నాతో అనలేదు. వాళ్ళకి కావాల్సిన వస్తువు మనం కొనేదేంది?"

"మన ఆరోగ్యానికంట."

"మన ఆరోగ్యం మీద అంత బెంగ ఉంటే ఆ రేకుల షెడ్డులో రెండు ఫ్యాన్లు పెట్టమను." నాన్న మజ్జిగ పోసుకున్నాడు. "ఆగు. కొత్త మందు వస్తే రైతు ముందు పక్కవాడి చేలో కొట్టనిస్తాడు. పురుగు చచ్చిందో, పైరు చచ్చిందో చూసుకుని అప్పుడు కొంటాడు. నువ్వూ అట్టా చెయ్."

నేను అప్పటికే ఫోనులో వెతికాను. అచ్చం అదే వాచీ, అదే డబ్బా, వెయ్యిలోపే దొరుకుతోంది. ఫోను అమ్మ ముందు పెట్టి, "ఉగాదికి ఇంకా తగ్గుతుందమ్మా. కొనాల్సి వస్తే అప్పుడు కొందువుగాని" అన్నాను.

"కంపెనీలో కొన్నదే లెక్కలోకి వస్తుందంట."

"అయితే అది వ్యాపారమే, ఆరోగ్యం కాదు."

నిజానికి మా ఇంట్లో ఏ వస్తువు కొనాలన్నా అందరికంటే ఎక్కువ వెనకాడేది అమ్మే. కుక్కరు రబ్బరు మార్చడానికి కూడా మూడు సంతలు తిరుగుతుంది. అలాంటిది నాన్న ఒకపక్క, నేను ఒకపక్క ఆగమంటుంటే ఈ ఒక్క విషయంలో మొండికేసింది. తొమ్మిది రోజులు వాదించుకున్నాం. పదోరోజు సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఎడమచేతికి నల్లటి వాచీ ఉంది. గాజులు లేవు.

"గాజులేవే?" అన్నాడు నాన్న.

"అద్దం గీసుకుపోతుందని తీయించారు."

నాన్న తువ్వాలు దులుపుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

మేస్త్రి కొంటే ముఠా కొంటుంది. అది ఎక్కడైనా అంతే. వారం తిరిగేసరికి ఇరవై నాలుగు మంది కొన్నారు. కొందరు ముక్కుపుడకలు కుదువపెట్టారు. అందరికంటే చివర కొన్నది మస్తాన్‌బీ పిన్ని. అరవై దాటిన మనిషి. ఆమె దగ్గరే అమ్మ తొడిమలు తీయడం నేర్చుకుంది.

"నా గుండె కొట్టుకుంటందో లేదో నాకు తెలీదంటే?" అని చాలా రోజులు నవ్వింది. చివరికి ఒకరోజు మా గుమ్మంలో నిలబడి, "నువ్వు కొన్నావు కాబట్టి కొంటన్నా రెబ్కా. ఆ మేనేజరు మొహం చూసి కాదు" అని చెప్పి వెళ్ళింది.

మార్చి మొదటివారంలో నాకు ఆ కంపెనీలోనే ఉద్యోగం వచ్చింది. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే పని. అమ్మ ఆరోజు బడ్డీ కొట్టునుంచి లడ్డూలు తెప్పించి చర్చిలో అందరికీ పంచింది. ఇంత తొందరగా ఎలా వచ్చిందో నేను అడగలేదు. బీకాం ఫస్ట్ క్లాసు కాబట్టే వచ్చిందనుకున్నాను. అలా అనుకోవడం హాయిగా ఉంది కూడా.

నా పనేమిటో సూపర్‌వైజర్ కరుణాకర్ నేర్పాడు. ముప్పై ఒక్క వాచీలూ చెప్పే లెక్కలు నా తెర మీద వరసలుగా కనబడతాయి. పేర్లుండవు, హాజరుపట్టీలో నంబర్లే. ఒక్కో నంబరు పక్కన మూడు గళ్ళు: చేతులు కదిలిన నిమిషాలు, కదలని నిమిషాలు, షెడ్డు బయట ఉన్న నిమిషాలు. మొదటిది తగ్గినా, మూడోది పెరిగినా ఆ వరస ఎర్రబడుతుంది. ఎర్రబడ్డ వరసలన్నీ సాయంత్రం వేరే కాగితంలో ఎక్కించి సంతకం పెట్టాలి. వాళ్ళకి ఆరోజు సగం కూలి.

"ఇది ఆరోగ్యం కోసం అన్నారు కదా?" అన్నాను మొదటిరోజు.

"ఆరోగ్యంగా పనిచేస్తున్నారా లేదా అని" అన్నాడు కరుణాకర్. తన మాటకి తనే నవ్వుకున్నాడు.

ఆ వాచీకి తొడిమలు తీసే పనేమిటో తెలీదు. కాయ ఎడమచేత్తో పట్టుకుంటారు, కుడిచేతి బొటనవేలుతో తొడిమ తుంచుతారు. ఎడమచెయ్యి పెద్దగా కదలదు. మొదటి రెండురోజులూ ఇరవైమంది ఎర్రబడ్డారు. పొద్దుట్నుంచీ నడుం ఎత్తకుండా పనిచేసినవాళ్ళు! నేనే కనిపెట్టి, వాచీలు కుడిచేతికి మార్చుకోమని అమ్మతో చెప్పాను. అప్పటికి నేనేదో మేలు చేశాననుకున్నాను.

కుడిచేతికి మార్చాక ఇంకో బాధ మొదలైంది. కాయలోంచి రాలే పొడి రబ్బరు పట్టీ కిందికి దూరి, చెమటతో కలిసి చర్మాన్ని కాల్చేసేది. వారానికల్లా అందరి మణికట్టు చుట్టూ పొక్కులు లేచాయి. కొబ్బరినూనె రాసుకుని, పాత చీరముక్క చుట్టి, దానిమీద వాచీ పెట్టుకున్నారు. గుడ్డ అడ్డమొస్తే వాచీకి గుండె అందదు. గుండె అందకపోతే చేతికి వాచీ లేనట్టే లెక్క, వరస ఎర్రన.

కరుణాకర్‌తో ఈ మాట చెప్పాను. "సిస్టమ్ అట్టా చూపిస్తంది. మనమేం చేస్తాం?" అన్నాడు. నెల రోజుల్లో ఆ మాట వందసార్లు విన్నాను. కిటికీ దగ్గరికొచ్చి సగం కూలి ఎందుకని అడిగిన మస్తాన్‌బీ పిన్నితో ఆ మాట నేనే అన్నాను. ఆమె నన్ను కాసేపు చూసి, పొక్కులు పగిలిన చెయ్యి కిటికీ చువ్వల్లోంచి లోపలికి పెట్టింది. "ఇది నీ సిస్టమ్‌కి కనపడదా అమ్మాయ్?" అంది.

నేను తెర వైపు తిరిగి కూర్చున్నాను. ఈ కథలో నేను చేసిన పనులన్నీ చెప్పాలి కాబట్టి ఇదీ చెబుతున్నాను.

ఉగాది వెళ్ళింది. ఎండలు ముదిరాయి. ఏప్రిల్ రెండోవారంలో ఒకరోజు పదకొండింటికి శశిభూషణ్ నా కుర్చీ వెనక వచ్చి నిలబడ్డాడు. కరుణాకర్ పక్కనే ఉన్నాడు.

"ఈ ఏడో నంబరు ఎవరు? రోజుకి ఎనిమిదిసార్లు బయటికెళ్తోంది."

హాజరుపట్టీ నా చేతికిందే ఉంది, తెరవలేదు.

"పోయిన నెల చూపించు" అన్నాడు. చూపించాను. వేలితో తెర మీద లెక్కపెట్టాడు. "చూశావా కరుణాకర్, అప్పుడూ ఇలాగే వరసగా పన్నెండు రోజులు. తర్వాత మామూలు. మళ్ళీ ఇప్పుడు. ఏంటిది?"

కరుణాకర్ నవ్వాడు. "ఆడోళ్ళ సంగతి సార్. ఆ వయసులో కొందరికి ఆగకుండా పోతా ఉంటది."

"అలాంటివాళ్ళు ఇంట్లో ఉండాలి. మన షెడ్డులో ఏం పని? వచ్చేవారం నుంచి ఈ నంబరు ఆపెయ్యండి. ఇకమీదట తీసుకునేటప్పుడు వయసు చూసి తీసుకోండి." నా వైపు వంగి, మర్యాదగా, "రాసుకో అమ్మా, సెవెన్" అన్నాడు.

మరుగుదొడ్లు ఆవరణకి ఆ చివర ఉన్నాయి. షెడ్డునుంచి రెండు వందల అడుగులు. ఎండలో రోజుకి ఎనిమిదిసార్లు అంత దూరం నడిచి వస్తున్న ఆ మనిషి ఎవరో నాకు తెలుసు. పొద్దున తన చీర తనే విడిగా ఉతుక్కుని దండెం చివర ఆరేసుకుంటుంటే చూశాను. చూసి కూడా ఏమీ అనుకోలేదు.

మధ్యాహ్నం షెడ్డు వెనక గోడనీడలో అమ్మ క్యారేజీ విప్పింది. నా పెట్టెలో చారన్నం, వంకాయ వేపుడు. నేను ముట్టుకోలేదు.

"తినవే."

"అమ్మా, నెలకి పన్నెండేసి రోజులు అవుతుంటే ఆసుపత్రికెందుకు వెళ్ళలేదు?"

అమ్మ చెయ్యి గిన్నెలోనే ఆగింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నీకెవరు చెప్పారు?"

"మేనేజరు."

అమ్మ నా మొహంలోకి చూసింది. ఆ మాట ఆమెకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక క్యారేజీ మూత పెట్టింది. కుళాయి దగ్గరికెళ్ళి, వాచీ విప్పి గట్టుమీద పెట్టి, మోచేతుల దాకా నీళ్ళు పోసుకుని కడుక్కుంది. పొక్కుల మీద నీళ్ళు పడుతుంటే పళ్ళు బిగించడం కనపడింది. తర్వాత ముక్కుకి గుడ్డ కట్టుకుని షెడ్డులోకి వెళ్ళిపోయింది. వాచీ కుళాయి గట్టుమీదే ఉంది.

ఆ మధ్యాహ్నమంతా నా తెర మీద ఏడో వరస కదల్లేదు. కరుణాకర్ రెండుసార్లు అడిగాడు. ఛార్జింగ్ అయిపోయి ఉంటుందన్నాను.

పొద్దుగూకే వేళ ఇల్లు చేరగానే, ఏడో నంబరు గురించి ఆఫీసులో వాళ్ళిద్దరూ అన్న మాటలన్నీ చెప్పి, నేనే మొదలుపెట్టాను. "ఆగమని నాన్న చెప్పాడు. నేను చెప్పాను. నీకెందుకంత తొందరొచ్చింది? నీవల్ల ముప్పై మంది కొన్నారు!"

"నీకోసమే కొన్నానే" అంది అమ్మ.

"నాకోసమేంటి?"

"మేస్త్రివి నువ్వు ముందు కొని, నీ ముఠా చేత నెలలోపు కొనిపిస్తే మీ అమ్మాయికి ఆఫీసులో కుర్చీ వేస్తానన్నాడు ఆ మేనేజరు. ఏడాదినుంచి ఇంట్లో కూర్చుని దిగులు పడతన్నావు. నా పక్కన తొడిమలు తీయడానికి వస్తావేమోనని నాకు భయం." అమ్మ గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. "నిన్ను కుర్చీలో కూర్చోబెట్టి నా లెక్కలు నీచేతే రాయిస్తాడని తెలీదు."

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆమె మీద, నా మీద, నా ఫస్ట్ క్లాసు మీద. నన్నడక్కుండా నన్ను బేరం పెట్టావన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. నాన్న పెరట్లోంచి వచ్చి తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డాడు. నేను చెప్పలేదా అంటాడనుకున్నాను. అనలేదు.

"రెండు నెలల్నుంచా?" అన్నాడు.

అమ్మ తలూపింది.

"నాకు చెప్పలేదే?"

"ఎట్టా చెప్పేది?"

"వాడికి తెలిసింది. నాకు తెలీలేదు." నాన్న అక్కడే మెట్టుమీద కూలబడ్డాడు. ఇరవై ఏళ్ళుగా బస్తాలు మోసిన మనిషి, అలా చేతులు వేలాడేసి కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు అందరూ షెడ్డులో కాయల కుప్పల చుట్టూ సర్దుకుంటుంటే అమ్మ మాత్రం కూర్చోలేదు. ఆఫీసు అద్దంలోంచి నాకు అంతా కనబడుతోంది. తలుపు తీసే ఉంది కాబట్టి మాటలూ వినబడ్డాయి.

"మీకందరికీ ఒక మాట చెప్పాలి. సిగ్గుపడే మాటే. అయినా చెప్తన్నా" అంది అమ్మ. "నాకు రెండు నెలల్నుంచి ముట్టు సరిగా ఆగట్లేదు. మా ఆయనకి చెప్పలేదు. నా కూతురికి చెప్పలేదు. మస్తాన్‌బీ పిన్నికి చెప్పలేదు. మేనేజరుకి తెలుసు. కరుణాకర్‌కి తెలుసు. ఇద్దరూ దాని గురించి మాట్లాడుకుని నవ్వుకున్నారు. ఈ చేతికున్నది చెప్పింది వాళ్ళకి."

ఒక మూలనుంచి కోటేశ్వరమ్మ లేచింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, పెళ్ళై ఏడాది. "అక్కా, నేను వాంతి చేసుకోవడానికి బయటికెళ్తన్నా... అదీ తెలుస్తదా వాళ్ళకి? మా అత్తకే ఇంకా చెప్పలా" అని ఏడ్చేసింది.

అంతే. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. పట్టీలు ఊడదీసే చప్పుడు మాత్రం వినబడింది.

శశిభూషణ్ బయటికొచ్చాడు. గొంతు పెంచలేదు. "రెబ్కా గారూ, మీరు తప్పుగా అర్థం చేసుకున్నారు. మాకు మనుషులు తెలీదు. నంబర్లే తెలుస్తాయి."

"నంబరుకి నెత్తురు పోదు సార్."

"మీ మంచికోసం..."

"మీ అమ్మగారి చేతికి పెట్టారా ఇది? మీ ఇంటావిడ చేతికి? సాయంత్రం కూర్చుని ఎన్నిసార్లు దొడ్డికెళ్ళారో చూస్తారా?" అమ్మ రెండడుగులు ముందుకేసింది. "రోజుకి పది గంటలు ఘాటులో కూర్చుంటాం. కళ్ళు మండుతాయి, ఒళ్ళు మండుతుంది, ఇంటికెళ్ళి పిల్లల్ని ముట్టుకోవాలంటే చేతులు మూడుసార్లు కడుక్కోవాలి. అదంతా కూలికి ఒప్పుకున్నాం. ఇది ఒప్పుకోలేదు. ఒప్పుకున్నామని కాయితం ఉంటే చూపించండి."

అతను ఆఫీసు అద్దం వైపు చూసి, "మీ అమ్మాయి సంగతి కూడా ఆలోచించుకోండి" అన్నాడు.

అప్పుడు నేను వెంటనే లేచి బయటికొచ్చానని చెప్పుకుంటే బాగుంటుంది. రాలేదు. ఆడవాళ్ళందరూ గేటు దాటి వెళ్ళి రోడ్డు పక్కన కూర్చున్నాక కూడా అరగంటసేపు నా కుర్చీలోనే ఉన్నాను. అదే నా మొదటి ఉద్యోగం. పైన ఏసీ నడుస్తోంది. తెర మీద ముప్పై ఒక్క వరసలు ఎర్రగా ఉన్నాయి. కరుణాకర్ వచ్చి, "అందర్నీ ఆబ్సెంట్ వెయ్యి" అన్నాడు. అప్పుడు లేచాను. ఆబ్సెంట్ తనే వేసుకోమని చెప్పి నా క్యారేజీ తీసుకుని బయటికొచ్చాను. అమ్మ నన్ను చూసి పక్కకి జరిగింది. నేను కూర్చున్నాను. ఇద్దరం ఆ తర్వాత వారం దాకా సరిగా మాట్లాడుకోలేదు.

మూడురోజులు గేటు బయట కూర్చున్నాం. రెండోరోజు మార్కాపురం వైపునుంచి ఒక బస్సునిండా ఆడవాళ్ళని దింపారు. వాళ్ళ చేతులకి కొత్త వాచీలున్నాయి. మమ్మల్ని చూసి తలలు దించుకుని లోపలికెళ్ళారు. మా వాళ్ళలో ఒకరిద్దరు తిట్టబోతే అమ్మ ఆపింది. "వాళ్ళకీ కడుపులున్నాయి" అంది.

కానీ తొడిమ తీయడం చేతివాటం. కొత్తవాళ్ళు తీసిన కాయలు సగం చితికిపోయాయి. పైగా ఓడకి పంపాల్సిన కంటెయినరు వచ్చి గేటు లోపల నిలబడింది. మూడోరోజు దానికి బస్తాలు ఎక్కించే హమాలీల పెద్ద నాగూర్ వలి, నాన్న పక్కనే యార్డులో ఒకప్పుడు పనిచేసినవాడు, లారీ దగ్గర తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. "ఆడాళ్ళ సంగతి తేల్చండి సార్. తర్వాత ఎత్తుతాం" అన్నాడు. శశిభూషణ్ ఎంత చెప్పినా ఆ ఒక్కమాటే.

సాయంత్రానికి తేలింది. తొడిమల షెడ్డులో వాచీ తప్పనిసరి కాదు. ముప్పై మందీ రేపటినుంచి రావచ్చు. మేస్త్రి మాత్రం రాకూడదు, ఆమె కూతురూ రాకూడదు. వాడిన వస్తువులు కాబట్టి వాచీలు వెనక్కి తీసుకోరు.

ముప్పై మందీ అమ్మ వైపు చూశారు. నువ్వు లేకపోతే మేమూ రామని కోటేశ్వరమ్మ అంది. అమ్మ కసిరింది. "సీజన్ ఇంకా నెలన్నరే ఉంది. పిచ్చిగా మాట్లాడకుండా పొండి. మస్తాన్‌బీ పిన్నిని మేస్త్రిగా పెట్టుకోండి." అని లేచి చీర దులుపుకుంది.

ఆ వారంలోనే నాన్న యార్డుకి సెలవుపెట్టి అమ్మని గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. ఆడవాళ్ళ వరసలో మగాళ్ళు నిలబడకూడదని ఎవరో అంటే, "నా భార్యకి ఏమైందో ఈసారి నేనే ముందు వినాలి" అన్నాడట. అమ్మ సిగ్గుతో చచ్చిపోయానని ఇంటికొచ్చి చెప్పింది. చెప్పేటప్పుడు మాత్రం నవ్వింది. గర్భసంచిలో గడ్డలున్నాయన్నారు. మందులిచ్చారు. బరువులెత్తొద్దన్నారు.

వాచీల డబ్బు చివరికి జూన్‌లో తిరిగొచ్చింది. ఎలా వచ్చిందంటే అమ్మ మే మొదట్లో ఒక ఆదివారం చేసిన పనివల్ల. అది కూడా, ఆమె అనుకున్నట్టు కాదు.

చర్చినుంచి వచ్చాక అమ్మ నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. ఒక్కో గడపకీ వెళ్ళి, బయటే నిలబడి, "నా మాట మీద కొన్నారు. తప్పు నాది. పత్తి పనులు మొదలవగానే కొంచెం కొంచెంగా ఇచ్చేస్తా" అని చేతులు జోడించడం మొదలుపెట్టింది. కొందరు వద్దన్నారు. కొందరు తలుపు దగ్గరికి వేశారు. ఒకావిడ, "ఇస్తే మంచిదే" అంది. ఆ మాటకి అమ్మ తలవంచి సరేనంది. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ మండాల్సింది ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను. మధ్యాహ్నం ఒంటిగంటకి మస్తాన్‌బీ పిన్ని ఇంటికి చేరేసరికి అమ్మ పెదాలు తెల్లబడ్డాయి. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు.

పిన్ని పొయ్యి దగ్గరుంది. అమ్మ గుమ్మంలో నిలబడి అవే మాటలు మొదలుపెట్టింది. సగంలోనే పిన్ని గరిటె కింద పెట్టింది.

"ఎన్ని ఇళ్ళు తిరిగావు?"

"ఇరవై రెండు."

"ఇరవై రెండు గడపల్లో చేతులు జోడించావా?" పిన్ని లేచి వచ్చింది. ఆమెకి అంత కోపం రావడం నేను అప్పటిదాకా చూడలేదు. "నీకు బుద్ధుందా రెబ్కా? దొంగతనం చేసినోడు చల్లటి గదిలో కూర్చుంటే నువ్వు ఎండలో తిరిగి దణ్ణాలు పెడతన్నావా? ఆరోగ్యమని చెప్పి మోసం చేసింది ఎవడు? వెయ్యి రూపాయల సరుకు పద్దెనిమిది వందలకి అంటగట్టింది ఎవడు? ఆ శశిభూషణ్ వచ్చాడా నా గడపలోకి? ఆ కరుణాకర్ వచ్చాడా? నువ్వొచ్చావు! నా చేతులు కాలింది నీవల్లా?"

"నా మాట మీదే కదా పిన్నీ..."

"నీ మాట మీద పాతికేళ్ళు పనిచేశా. ఒక్క మాట తప్పయితే నీ మొహాన ఉమ్మేస్తామనుకున్నావా?" అని నా వైపు తిరిగింది. "ఏమ్మా, చదువుకున్నదానివి. మీ అమ్మని గడప గడపకీ తిప్పే బదులు ఒక కాయితం రాయడానికి ఏమైంది నీకు? కలెక్టరాఫీసులో సోమవారం అర్జీలు తీసుకుంటారంట కదా? రాయి. ముప్పై వేలిముద్రలు నేను వేయిస్తా. ఇప్పుడు మేస్త్రిని నేనే కాబట్టి రేపు ముఠాని గుంటూరు బస్సెక్కించడం నా పని. తొడిమలు ఒకరోజు ఆగితే ఏం కుళ్ళిపోవు."

నేను సరేనన్నాను. అప్పుడే రాయడానికి బల్లలాంటిది ఏదైనా ఉందా అని చూస్తున్నాను.

"ముందు కూర్చోండి ఇద్దరూ" అంది పిన్ని.

అమ్మ మొహమాటపడింది. పిన్ని ఆమె భుజం పట్టుకుని చాప మీద కూలేసింది. కంచంలో అన్నం పెట్టి, గోంగూర పప్పు వేసి, నూనె ఎక్కువే వేసి అమ్మ ముందుకి తోసింది. అమ్మ రెండో ముద్ద దగ్గర ఏడ్చింది. ఆ మూడు నెలల్లో ఆమె ఏడవడం అదే మొదటిసారి. పిన్ని ఊరడించలేదు, తిట్టడమూ ఆపలేదు. మేనేజరుని, సూపర్‌వైజరుని, నేను చెప్పగా విని ఇస్తే మంచిదే అన్న ఆవిణ్ణి, చివరికి నన్ను, వరసపెట్టి తిడుతూనే, అమ్మ కంచం ఖాళీ కాకుండా మళ్ళీ మళ్ళీ వడ్డించింది.